సీబ్యాక్ పత్రం

సీబ్యాక్ పత్రం అనేది భారతదేశంలో 30 ఏళ్ళు నిండినవారికి క్యాన్సర్, మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులు వచ్చే అవకాశాన్ని ఇంటివద్దనే అంచనా వేయడానికి ఆశా కార్యకర్తలు నింపే ప్రశ్నల పత్రం. కమ్యూనిటీ బేస్డ్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ అనే పేరుకు ఇది సంక్షిప్త రూపం. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలతో ఇది వాడుకలోకి వచ్చింది. నల్గొండ జిల్లాలోని కట్టంగూర్ వంటి మండలాలలో క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకునే ప్రయత్నం ఈ పత్రంతోనే మొదలవుతుంది.

పత్రం స్వరూపం

మొదటి భాగంలో వయస్సు, పొగాకు, మద్యం, నడుము కొలత, శారీరక శ్రమ, కుటుంబ చరిత్రలకు మార్కులు ఉంటాయి. ఉదాహరణకు రోజూ పొగాకు వాడేవారికి 2 మార్కులు. మొత్తం 4 దాటితే ఆ వ్యక్తిని ముందుగా పరీక్షలకు పిలవాలి.

రెండవ భాగంలో మార్కులు లేవు, లక్షణాలు మాత్రమే ఉన్నాయి. రెండు వారాలైనా మానని నోటిపుండు, నోటిలో తెల్ల లేక ఎర్ర మచ్చ, గొంతు మారడం, రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిన తరువాత రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట మొదలైనవి. వీటిలో ఒక్కదానికి "అవును" అన్నా, మార్కులతో నిమిత్తం లేకుండా వెంటనే వైద్యాధికారి వద్దకు పంపాలి.

క్యాన్సర్ విషయంలో ఈ రెండవ భాగమే ముఖ్యం. పొలం పనికి వెళ్ళే 35 ఏళ్ళ స్త్రీకి పొగాకు, మద్యం అలవాటు లేకపోతే మార్కులు 4 దాటకపోవచ్చు. ముట్టుకూ ముట్టుకూ మధ్య రక్తం కనబడుతున్న సంగతి ఆమె చెప్పకపోతే పత్రం ఆమెను ఆరోగ్యవంతురాలిగానే చూపుతుంది. అత్తగారో మగవారో పక్కనున్నప్పుడు ఈ ప్రశ్న అడిగితే సమాధానం "లేదు" అనే వస్తుంది. కనుక ఎవరూ లేనప్పుడు అడగడం పత్రం నింపడమంత అవసరం.

తరువాతి పరీక్షలు

30 నుండి 65 ఏళ్ళ వారికి ఐదేళ్ళకొకసారి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం తరువాత తెల్లబడిన చోటును చూస్తారు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలచే ఈ పరీక్ష చేయించగా ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ప్రచురించారు. ఖరీదైన యంత్రాలు లేనిచోట ఇది చిన్న విషయం కాదు.

అనుమానం ఉన్నవారిని నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రికి, అవసరమైతే హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ చికిత్సకు కూడా వర్తిస్తుంది. అయితే కూలిపని మానుకొని పట్నం వెళ్ళి రావడం పేదలకు భారమే. పంపినవారు నిజంగా వెళ్ళారా అని ఏఎన్ఎం తిరిగి విచారించకపోతే "అవును" అన్న సమాధానం కాగితం మీదనే మిగిలిపోతుంది.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో వైద్యుని కంప్యూటర్‌లోని రోగి వివరాలనుండి క్యాన్సర్ అవకాశాన్ని శాతంలో లెక్కించే క్యూక్యాన్సర్ వంటి సాధనాలు ఉన్నాయి. అక్కడి 2015 నాటి మార్గదర్శకాలు సుమారు 3 శాతం అవకాశాన్ని నిపుణుని వద్దకు పంపడానికి హద్దుగా తీసుకున్నాయి. అటువంటి లెక్కకు ఏళ్ళ తరబడి భద్రపరచిన వైద్య రికార్డులు కావాలి. సీబ్యాక్‌కు అవి అక్కరలేదు, అడిగే మనిషి ఉంటే చాలు.