అమ్మ పెట్టిన పేరు: జిమ్ థోర్ప్ కథ



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మన తండాల్లో, కాలనీల్లో చాలామందికి రెండు పేర్లు ఉంటాయి. ఇంట్లో యాడి పిలిచే పేరు ఒకటి. బళ్లో చేరిన రోజు రిజిస్టర్లోకి ఎక్కిన పేరు ఇంకొకటి. సర్టిఫికెట్ మీద రెండోదే ఉంటుంది కాబట్టి, మొదటిది మెల్లగా మనమే మర్చిపోతాం. అలా మరుగున పడ్డ ఒక పేరు వందేళ్ల తర్వాత తిరిగొచ్చి, పోగొట్టుకున్న గౌరవాన్ని వెనక్కి తెచ్చిన కథ ఇది. ఆ మనిషి మన దేశపు వాడు కాదు. కానీ ఆదివాసీ బిడ్డ.

జిమ్ థోర్ప్ 1887లో, ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి హైరమ్‌ది సాక్ అండ్ ఫాక్స్ తెగ. తల్లి షార్లెట్ వ్యూది పొటవాటమీ తెగ. ఇద్దరిలోనూ తెల్లవాళ్ల రక్తం కొంత ఉంది. కవల పిల్లల్లో ఒకడైన ఇతనికి తల్లి వా-థో-హుక్ అని పేరు పెట్టిందని చెప్తారు. వెలుగు పడిన దారి అని దాని అర్థం. మెరుపు వెలిగించిన దారి అని కూడా అంటారు.

ఆ తల్లి చాలామంది పిల్లల్ని కని, వాళ్లలో చాలామందిని పోగొట్టుకుంది. జిమ్ కవల సోదరుడు చార్లీ కూడా తొమ్మిదేళ్ల వయసుకే జబ్బు చేసి చనిపోయాడు. ఆ తర్వాత జిమ్‌కి బడి మీద మనసు నిలవలేదు, పదే పదే పారిపోయి ఇంటికొచ్చేవాడు. అతనికి పదిహేనేళ్లు నిండకుండానే, కాన్పు తర్వాత జబ్బు ముదిరి అమ్మ కూడా పోయింది. ఇక తండ్రితో పడక, ఇల్లు వదిలి పశువుల కొట్టాల్లో పనికి పోయాడు.

1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ బోర్డింగ్ స్కూల్‌కి పంపారు. ఆ బడి సంగతి మనం తెలుసుకోవాలి. 1879లో పెట్టిన ఆ బడి పనే ఆదివాసీ పిల్లల్లో ఆదివాసీతనం లేకుండా చేయడం. జుట్టు కత్తిరించేవాళ్లు, సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్లు కాదు, పేర్లు మార్చేవాళ్లు. ఇక్కడ మన దగ్గరా అదే కాలం నడిచింది. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరం చేసింది. మన పాత గుంటూరు జిల్లాలోని స్టువర్టుపురం సెటిల్‌మెంట్ దాని గుర్తే. దేశాలు వేరు, కానీ రిజిస్టర్ పట్టుకున్న చెయ్యి ఒకలాంటిదే.

1907లో ఒకరోజు పని బట్టల్లోనే నడిచి వెళ్తూ, ఆటగాళ్లు దాటలేకపోతున్న హైజంప్ కర్రను జిమ్ దాటేశాడట. కోచ్ పాప్ వార్నర్ కంట్లో పడ్డాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు, రెండో మనిషి కంటే దాదాపు 700 ఎక్కువ. అప్పటి ఫొటో చూడండి, కాళ్లకున్న బూట్లు రెండూ ఒక జత కావు. తన బూట్లు పోతే దొరికినవి తొడుక్కుని ఆడాడు. అప్పటికి అమెరికా తన ఆదివాసులందరికీ పౌరసత్వం కూడా ఇవ్వలేదు. అది 1924లో గానీ రాలేదు.

సుమారు ఆర్నెల్లకు, 1913 జనవరిలో గొడవ మొదలైంది. 1909, 1910 వేసవుల్లో కొద్దిపాటి డబ్బులకు బేస్‌బాల్ ఆడాడని, కాబట్టి అమెచ్యూర్ కాదని పతకాలు లాక్కున్నారు. కాలేజీ కుర్రాళ్లు చాలామంది అలాగే ఆడేవాళ్లు, కాకపోతే దొంగ పేర్లతో. జిమ్ సొంత పేరుతో ఆడాడు, అందుకే దొరికిపోయాడు. తనకు ఆ నిబంధనలు తెలియవని రాసిన ఉత్తరాన్ని ఎవరూ లెక్కచేయలేదు.

ఆయన ఆగిపోలేదు. న్యూయార్క్ జెయింట్స్‌కి బేస్‌బాల్, కాంటన్ బుల్‌డాగ్స్‌కి ఫుట్‌బాల్ ఆడాడు. 1920లో మొదలై తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ అయిన లీగ్‌కి మొదటి అధ్యక్షుడు ఆయనే. ఒక కూతురికి షార్లెట్ అనే పేరు, అంటే అమ్మ పేరే, పెట్టుకున్నాడు. 1953లో పేదరికంలోనే కన్నుమూశాడు.

పోరాటం పిల్లలు చేశారు. షార్లెట్, గ్రేస్ అనే కూతుళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. ఫ్లోరెన్స్ రిడ్లాన్ అనే ఆమె అమెరికా పార్లమెంటు లైబ్రరీలో 1912 నాటి నిబంధనల పుస్తకం వెతికి పట్టుకుంది. అభ్యంతరం ఏదైనా 30 రోజుల్లోపే చెప్పాలని అందులో ఉంది! అంటే లాక్కున్న పద్ధతే చెల్లదు. 1982లో ఒలింపిక్ కమిటీ దిగొచ్చింది, 1983లో నకలు పతకాలు పిల్లల చేతికిచ్చింది. కానీ ఇంకొకరితో కలిపి విజేత అంది. ఏకైక విజేతగా ఒప్పుకుంది 2022 జూలైలో, అంటే 110 ఏళ్లకు.

ఆ చివరి పోరాటం నడిపిన ఆదివాసీ సంస్థ పేరు బ్రైట్ పాత్ స్ట్రాంగ్. బ్రైట్ పాత్ అంటే వా-థో-హుక్. బడి చెరపాలనుకున్న పేరు, చనిపోయి నూట ఇరవై ఏళ్లైన ఒక తల్లి నోట వచ్చిన పేరు, అర్జీ మీదకెక్కి న్యాయం అడిగింది. జిమ్ ఆటకు కారణం అమ్మేనని నేను అనడం లేదు. ఆటలో సత్తా ఆయనది, శ్రమ ఆయనది. కానీ ఎవరు ఏది లాక్కున్నా, నువ్వెవరో చెప్పే మాట ఒకటి మిగిలింది. అది అమ్మ ఇచ్చింది.

మనం చేయాల్సినవి రెండే. కాగితాలు జాగ్రత్త: ఓడించింది నిబంధనల పేరుతోనే, గెలిపించింది కూడా ఆ పుస్తకమే. పేరు, కులం, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి, తేడా ఉంటే ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే దిద్దించుకోండి. రెండోది, ఇంటికెళ్లినప్పుడు యాడి పక్కన కూర్చుని, నన్ను మొదట ఏమని పిలిచావు, ఎందుకు ఆ పేరు పెట్టావు అని అడగండి. ఆమె బతికి ఉండగానే రాసి పెట్టుకోండి. అమ్మ లేనివాళ్లు మేనత్తనో, పెద్దమ్మనో అడగండి.

మీ ఇంటి పేరు, అదే అమ్మ పిలిచే పేరు, కింద కామెంట్లో రాయండి. అన్నీ చదువుతా.

జై ఆదివాసీ.