రాజాం చేరని కబురు

1757 జనవరి 24న, విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. ఆ వేళ బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడనీ, సాయానికి రమ్మని పంపిన కబురు అతనికి సమయానికి అందలేదనీ ఉత్తరాంధ్రలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అప్పటికి మన దేశంలో పత్రికలే లేవు. హిక్కీ బెంగాల్ గెజిట్ వచ్చింది 1780లో. యుద్ధభూమి నుంచి వార్తలు రాసి పేరుపొందిన విలియం హోవార్డ్ రస్సెల్ క్రిమియాకు వెళ్లింది 1854లో. కనుక బొబ్బిలి వార్తను లోకానికి చెప్పే పని ఒకవైపు ఇంగ్లిషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్‌కు, మరోవైపు పెద్దాడ మల్లేశం వంటి జంగం కథకులకు, రంగరాయ చరిత్రము రాసిన దిట్టకవి నారాయణకవికి దక్కింది.

ఓర్మ్‌ది చరిత్ర, జంగం కథ కట్టుకథ అని కొట్టిపారేసేవారున్నారు. కానీ యుద్ధం నాటికి ఓర్మ్ మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. కోట కూలడం అతను కళ్లారా చూడలేదు. ఇతరులు చెప్పినదాన్ని కూర్చి రాశాడు. పైగా ఫ్రెంచివారు కంపెనీకి శత్రువులు. కథకులకూ పక్షముంది: వాళ్లు బొబ్బిలి వైపు నిలబడి పాడారు, వీరుణ్ణి పెంచారు, విజయనగరం మాటను తగ్గించారు. అలాగైతే నిజం ఎవరికీ దొరకదా అని అడగవచ్చు. దొరుకుతుంది, కొంతమేరకు. కోటలోని స్త్రీలను, పిల్లలను శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్లే చంపుకోవడం, బొబ్బిలి రాజు రంగారావు కొడుకు ప్రాణాలతో మిగలడం, విజయరామరాజు రాత్రివేళ తన డేరాలోనే హతుడవడం: ఈ మూడింటి దగ్గర ఓర్మ్ రాతా, తెలుగు కథా ఒక్కటే మాట చెబుతాయి. ఒకరి అవసరం ఇంకొకరికి లేనప్పుడు కూడా కలిసిన సాక్ష్యానికి బలం ఎక్కువ.

ఈ కొలత మనకు ఇష్టమైన కథకూ వర్తించాలి. రాజాంకు కబురు అందలేదన్నది ఒక పక్షమే చెప్పిన మాట. దాన్ని జనశ్రుతిగా గౌరవించాలి, రుజువైన సంగతిగా రాయకూడదు. ఇలా జల్లెడ పడితే వీరగాథ పలచబడుతుందని భయపడనక్కరలేదు. నేటి యుద్ధవార్తలకూ ఇదే కొలత: సైన్యం వెంట వెళ్లే విలేకరి ఆ సైన్యం చూపినంతే చూడగలడు. చూసింది ఏదో, విన్నది ఏదో, ఎవరి నోట విన్నాడో విడదీసి చెప్పడమే అతని మొదటి బాధ్యత. అవతలి పక్షం మాట దొరకకపోతే ఆ లోటును దాచకుండా రాయాలి. కోటలో పోయినవాళ్లకు ఏ రాతా ప్రాణం పోయలేదు. వాళ్ల చావును ఎవరి గెలుపుకోసమూ వంచకుండా చెప్పడం మాత్రం రాసేవాడి చేతిలో ఉంది.