మోడరన్, లిటరరీ, డయలెక్ట్: వ్యావహారిక భాషావాదంలో ఆంగ్ల పదాల ఎంపిక

ఒకే వాదంలో ఎదురెదురుగా నిలిచిన రెండు ఆంగ్ల రచనలు 1913లో వెలువడ్డాయి. గిడుగు వెంకట రామమూర్తి రచనకు పేరు ‘ఎ మెమొరాండమ్ ఆన్ మోడరన్ తెలుగు’. జయంతి రామయ్య పంతులు రచనకు పేరు ‘ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు’. విద్యార్థులు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదే రెండింటికీ మూలమైన ప్రశ్న. కానీ ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒకే విషయాన్ని చర్చిస్తున్నట్టు తోచదు. ‘మోడరన్’కు ఎదురుమాట ప్రాచీనం, ‘లిటరరీ’కి ఎదురుమాట సాహిత్యార్హత లేనిది. మొదటి పేరును అంగీకరిస్తే గ్రాంథికం కాలం చెల్లిన భాష అవుతుంది. రెండో పేరును అంగీకరిస్తే వ్యావహారికం గ్రంథరచనకు తగనిది అవుతుంది. వ్యాకరణ రూపాల చర్చకు దక్కినంత శ్రద్ధ ఈ పేర్ల ఎంపికకు దక్కలేదు.

తెలుగు గురించిన వాదం ఇంగ్లీషులో నడవడానికి పైకి కనిపించే కారణం సులభమైనదే. నిర్ణయం మద్రాసు విశ్వవిద్యాలయానిది, ప్రభుత్వ విద్యాశాఖది. వాటి దస్త్రాల భాష ఇంగ్లీషు. పాఠశాలల తనిఖీ అధికారి జె. ఎ. యేట్స్ వంటి ఆంగ్లేయుల ప్రమేయం కూడా తెలిసినదే. అయితే అంతకంటె లోతైన కారణం మరొకటి ఉంది. ఆ వాదాన్ని తెలుగులో రాయాలంటే ముందుగా ఏదో ఒక తెలుగును ఎంచుకోక తప్పదు. గ్రాంథికంలో రాస్తే ప్రతిపక్షం గెలిచినట్టే. వ్యావహారికంలో రాస్తే వాదాన్ని వదిలి భాషనే ఆక్షేపించే అవకాశం ఎదుటివారికి దొరుకుతుంది. విజయనగరంలోని గురజాడ అప్పారావుకు, శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగుకు ఇంగ్లీషు ఒక మధ్యస్థ భూమి. ఆ భూమి మీదా పదాలు తటస్థంగా లేవని వారికి త్వరలోనే తెలిసివచ్చింది.

చిక్కంతా ‘గ్రామ్యం’ దగ్గర మొదలైంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) లక్షణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యంగా నిర్ణయించింది. అక్కడ గ్రామ్యత్వాన్ని తేల్చేది వ్యాకరణమే. మాట్లాడేవాడు పల్లెవాడా, పట్టణవాసా అన్నది ప్రశ్న కాదు. ఈ మాటను ఇంగ్లీషులోకి తేవలసి వచ్చినప్పుడు చేతికందేది ‘వల్గర్’. యూరోపియన్ భాషాచరిత్రలో ఆ పదానికి దోషం లేదు. ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు ‘వల్గర్ లాటిన్’ నుంచి పుట్టాయని చెప్పడం శాస్త్రపరిభాష. జనసామాన్యం మాట్లాడిన లాటిన్ అని మాత్రమే దాని అర్థం. కానీ మద్రాసు సభలలో, పత్రికలలో ఆ పదం శాస్త్రపరిభాషగా వినబడదు, అసభ్యమనే వినబడుతుంది. ‘కలోక్వియల్’ అంత కఠినమైనది కాదు. అయినా అది సంభాషణకు పరిమితమైన భాష అనే అర్థాన్ని వెంట తెస్తుంది. పరీక్షలో రాయదగిన భాష కోసం పోరాడేవారు ఆ పదాన్ని ఒప్పుకుంటే వాదాన్ని వదులుకున్నట్టే. ‘వెర్నాక్యులర్’ అసలే పనికిరాదు. ప్రభుత్వ దృష్టిలో రెండు తెలుగులూ వెర్నాక్యులరే. (ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి ఇంట పుట్టిన బానిస అని అర్థమున్న సంగతి వాడినవారిలో ఎందరికి స్ఫురించిందో!) వేదం వెంకటరాయశాస్త్రి గ్రామ్యాన్ని గద్యరచనలోకి రానీయకూడదని వాదించినవారే అయినా ‘ప్రతాపరుద్రీయ నాటకం’లో కొన్ని పాత్రలకు పాత్రోచితంగా గ్రామ్యాన్ని వాడారు. ఆయన దృష్టిలో గ్రామ్యం పాత్ర స్థాయిని సూచించే సాధనం. రచయిత తన సొంత గొంతుకగా వాడుకోదగిన భాష కాదు. ‘వల్గర్’ అన్న అనువాదం ఈ సూక్ష్మాన్ని కూడా తుడిచేసింది.

గురజాడ ఎంచుకున్న దారి వేరు. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు (1897) ఆంగ్ల పీఠికలో ఆయన నాటక భాషను ‘స్పోకెన్ డయలెక్ట్’ అన్నారు. దానికి ఎదురుగా ఉన్నదాన్ని ‘లిటరరీ డయలెక్ట్’ అన్నారు. రెండింటికీ ‘డయలెక్ట్’ అన్న ఒకే నామవాచకం. ఒకటి భాష, మరొకటి దాని అపభ్రంశం అనే మెట్ల వరుస ఈ ప్రయోగంలో లేదు. రెండూ ఒకే తెలుగుకు రెండు శాఖలు. వాటి మధ్య భేదం విశేషణంలో ఉంది, హోదాలో లేదు. దీనికి పూర్వరంగం లేకపోలేదు. సి. పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఆంగ్ల నిఘంటువు తన పూర్తి శీర్షికలో కావ్యభాషను ‘పొయెటికల్ డయలెక్ట్’ అనీ, వ్యవహారంలో వాడే భాషను ‘కలోక్వియల్ స్టయిల్’ అనీ పేర్కొన్నది. బ్రౌన్ దగ్గర డయలెక్ట్ కావ్యభాష. గురజాడ దగ్గర రెండూ డయలెక్టులే. గ్రాంథికవాదులకు ఈ సమీకరణమే అన్నిటికంటె పెద్ద అభ్యంతరం కావలసింది. అది ఒక పీఠికలో, అదీ హాస్యనాటకానికి తగిన భాష గురించిన వాక్యంలో ఉండటం వల్ల చాలాకాలం ఎవరి దృష్టినీ అంతగా ఆకర్షించలేదు.

అదే పీఠికలో ఆయన పద్ధతికి మరో సాక్ష్యం ఉంది. కన్యాశుల్కాన్ని నిందించే విశేషణాలకు ఆ కాలంలో కరువు లేదు. గురజాడ వాటితో సరిపెట్టుకోక, ఆనందగజపతి మహారాజు చేయించిన లెక్కలను ముందుపెట్టారు. విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళలో నమోదైన శుల్క వివాహాలు 1034. సగటున ఏడాదికి 344. వాదం ఎంత వేడెక్కితే మాట అంత కొలతగా ఉండాలన్న ఈ అలవాటే 1914 నాటి ‘మినిట్ ఆఫ్ డిసెంట్’లోనూ కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ తెలుగు కాంపొజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ రాసిన ఆ పత్రం పేరులో మోడరన్ లేదు, లిటరరీ లేదు. ‘మినిట్ ఆఫ్ డిసెంట్’ పరిపాలనా పరిభాష. కరపత్రాన్ని చదవకుండా పక్కన పెట్టవచ్చు; సభ్యుడు నమోదు చేసిన భిన్నాభిప్రాయాన్ని నివేదికనుంచి విడదీయడం అంత సులభం కాదు.

గిడుగు ‘మోడరన్’ను ఎంచుకోవడం వెనుక భాషాచరిత్ర జ్ఞానం ఉంది. ఇంగ్లీషును ఓల్డ్, మిడిల్, మోడరన్ అని విభజించేవారికి ‘మోడరన్ ఇంగ్లీష్’ అన్నది మెచ్చుకోలూ కాదు, నింద కూడా కాదు; ఒక దశకు పేరు. తెలుగుకూ అలాంటి దశలున్నాయని అంగీకరించిన మరుక్షణం, నన్నయ నాటి రూపాలను 20వ శతాబ్దపు బాలుడి చేత రాయించడం ఎందుకన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. సవరల మధ్య తిరిగి వారి భాషను నేర్చిన అనుభవం కూడా ఇక్కడ పనిచేసింది. లిపిలేని నోటిమాటకూ నియమముంటుందని ఆయనకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు. 1931లో వెలువడిన ఆయన సవర మాన్యువల్ శీర్షికలో ‘సోర’ అన్న పేరులోని రెండు అచ్చుల దీర్ఘాలను ప్రత్యేక చిహ్నాలతో ముద్రించి, ‘లేదా సవర’ అని చేర్చారు. పేరు పెట్టడంలో ఆయన జాగ్రత్త ఆ స్థాయిది.

కానీ ‘మోడరన్’కు ఒక బలహీనత ఉంది, దాన్ని ప్రతిపక్షం సరిగానే పట్టుకుంది. అది కాలాన్ని చెబుతుంది కానీ, ఎవరి తెలుగో చెప్పదు. జిల్లాకొక తీరుగా, కులానికొక తీరుగా ఉన్న వాడుకలలో ఏది మోడరన్ అన్న ప్రశ్నను ఛాందసమని తోసిపుచ్చడం న్యాయం కాదు. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని కావ్యభాషలోగానీ ఆధునిక భాషలోగానీ రాయవచ్చని అనుమతించినప్పుడు, అధికారులు ఆధునిక భాషకు నిర్వచనం ఇవ్వలేదు. పుస్తకాల పేర్లు ఇచ్చారు. బ్రౌన్ తెలుగు రీడరు, ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ వాటిలో ఉన్నాయి. పదం తేల్చలేనిదాన్ని ఉదాహరణతో తేల్చే ప్రయత్నమిది. ఆ స్వేచ్ఛ ఎక్కువకాలం నిలవలేదు. 1915 నవంబరు 30న గురజాడ మరణించేనాటికి పరీక్షలలో గ్రాంథికానిదే పైచేయి.

ఆంగ్ల పదాలు తిరిగి తెలుగులోకి వచ్చిన తీరు గమనించదగినది. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా, గిడుగు కార్యదర్శిగా ఏర్పడిన సంస్థ పేరు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం. ‘వర్తమాన’ అన్నది ‘మోడరన్’కు తెలుగు రూపమే. ఎవరి తెలుగు అన్న పాత ప్రశ్నకు సమాధానంగా ‘శిష్ట వ్యావహారికం’ స్థిరపడింది. అంటే చదువుకున్నవారి వాడుక. ఈ విశేషణం వాదాన్ని గెలిపించింది, కానీ దాని పరిధిని కుదించింది. ఆచరణలో ఆ శిష్టవాడుక కృష్ణా-గోదావరి జిల్లాల భాషకు దగ్గరైంది. వాదం పుట్టిన నేలలోని ‘ఏటి’, ‘గుంటడు’ వంటి మాటలు ప్రమాణభాషకు వెలుపల మిగిలాయి. ‘డయలెక్ట్’కు శాస్త్రరచనలలో ‘మాండలికం’ సమానపదమైంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ సంపుటంతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం ఆ మాటకు గౌరవప్రదమైన శాస్త్రస్థానాన్ని ఇచ్చింది. అయినా ‘మాండలికం’ మండలాన్నే, అంటే ఒక ప్రాంతాన్నే చూపుతుంది. గురజాడ ‘లిటరరీ డయలెక్ట్’ను ఈ మాటతో అనువదిస్తే ‘గ్రాంథిక మాండలికం’ అనవలసి వస్తుంది. ఆ పదబంధం తెలుగులో ఇప్పటికీ వాడుకలోకి రాలేదు.