మారీచుని కేక

అరణ్యకాండలో మారీచుడు ప్రాణం విడుస్తూ రాముని గొంతుతో సీతను, లక్ష్మణుని పిలిచాడు. ఆపద అబద్ధం, గొంతూ అబద్ధమే. అయితే అది రక్షకుని గొంతు. అందుకే లక్ష్మణుడు ఎంత నచ్చజెప్పినా సీత వినలేదు. పాతికేళ్ళు తరగతి గదిలో ఈ ఘట్టాన్ని వివరించిన నేను, 2008లో ఒక ఆదివారం నాడు అదే కేకకు లొంగిపోయాను.

అప్పటికి తిరుపతిలో మా ఇంటికి కంప్యూటరు వచ్చి ఏడాది. చిత్తూరు సీమ పలుకుబళ్ళను, బిన్నా, కసువు, తావు వంటివాటిని, విద్యార్థుల తల్లిదండ్రుల నోట విని, లేఖినిలో టైపు చేసి దాచుకొనేవాణ్ణి. అవి నాలుగు వందలు దాటాయి. ఆనాడు అంతర్జాలంలో ఛందస్సును గురించి ఏదో చదువుతుండగా తెర మీదికి ఒక కిటికీ దూకింది. అచ్చం విండోస్ వారి ‘మై కంప్యూటర్’ పుటలాగే ఉంది. అందులో పచ్చని గీత ఒకటి పాకుతోంది. దాని కింద ఎర్రని అక్షరాలలో వైరస్‌ల లెక్క పెరుగుతోంది. శుద్ధి చేయమన్న మీట నొక్కాను. నిజమైన రోగం ప్రవేశించింది ఆ నొక్కుతోనే. అది మొదలు ప్రతి ఐదు నిమిషాలకూ డబ్బు కట్టమని పోరు. బాగుచేసే కుర్రవాడు వచ్చి యంత్రాన్ని ఫార్మాట్ చేశాడు. నా నాలుగు వందల మాటలూ దానితో పాటే పోయాయి. తప్పు అతనిది కాదు, మరొక ప్రతి తీసిపెట్టుకోని నాది.

ఆ కిటికీ ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు ఆనాటిదే. పాప్-అప్ కిటికీని పుట్టించినవారిలో ఒకరు ఈథన్ జుకర్‌మన్. 1990ల చివర ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేస్తుండగా, ఒక కార్ల కంపెనీ తన ప్రకటన అసభ్యమైన పుట మీద కనిపించిందని అభ్యంతరపెడితే, ప్రకటనను పుట నుండి విడదీసి వేరే కిటికీలో చూపే ఉపాయం ఆయన రాసి పెట్టారు. 2014లో ‘అట్లాంటిక్’ పత్రికలో అందుకు క్షమాపణ కూడా చెప్పుకొన్నారు. ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. తలుపు చేసిన వడ్రంగిని దొంగతనానికి బాధ్యుణ్ణి చేయలేము కదా!

దొంగలు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2003లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ డీ స్క్వేర్డ్ సొల్యూషన్స్ అనే సంస్థపై దావా వేసింది. విండోస్‌లోని మెసెంజర్ సేవను వాడుకొని పది నిమిషాలకొక కిటికీని జనం తెర మీదికి విసరడం, అలాంటి కిటికీలను ఆపే ప్రోగ్రామును పాతిక ముప్పై డాలర్లకు అమ్మడం, ఇదీ ఆ సంస్థ వ్యాపారం! 2004లో ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్ ఆ సేవను మూసివేసి, పాప్-అప్‌లకు అడ్డుకట్ట కూడా కట్టింది. ఆపైన వేషం మారింది. ఇన్నోవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ వంటి పేర్లతో లేని రోగాలకు మందు అమ్మింది. పేరున్న సంస్థల ప్రకటనలు తెచ్చామని నమ్మించి, జాలస్థలి యజమానులకు మామూలు ప్రకటన, చదువరులకు బెదిరింపు కనబడేలా మీటలు అమర్చింది. పది లక్షల మందికి పైగా మోసపోయి, ఒక్కొక్కరు 39.95 డాలర్లో అంతకు మించో చెల్లించారని 2008 డిసెంబరులో వేసిన దావాలో కమిషన్ పేర్కొంది. నేను కట్టకపోవడానికి నా వివేకం కారణం కాదు. క్రెడిట్ కార్డు లేకపోవడమే.

తరువాత ఆ కేకకు మనిషి గొంతు తోడైంది. 2012 అక్టోబరులో అదే కమిషన్ ఆరు నకిలీ సాంకేతిక సహాయ ముఠాలపై దావాలు వేసింది. వాటిలో అధికభాగం భారతదేశం నుండి నడిచినవే. విండోస్‌లో సహజంగా నమోదయ్యే చిన్న చిన్న దోషాల పట్టికను తెరిపించి, అవే వైరస్‌లని చెప్పి భయపెట్టేవారు. క్రమంగా కిటికీలోనే ఫోను నెంబరు కనిపించసాగింది. ఈసారి బాధితుడే పిలుస్తాడు.

ఆ గొంతు మన వైపు నుండి కూడా పలికిందని 2024 సెప్టెంబరులో చదివాను. పుణె, హైదరాబాదు, అహ్మదాబాదు, విశాఖపట్నాలలో 32 చోట్ల సి.బి.ఐ. సోదాలు జరిపి 26 మందిని అరెస్టు చేసింది. వారిలో 11 మంది విశాఖలో పట్టుబడినవారు. సాంకేతిక సహాయకుల వేషంలో, మీ కంప్యూటర్లోకి ఎవరో చొరబడ్డారని, మీ బ్యాంకు ఖాతా ప్రమాదంలో ఉందని విదేశీయులను బెదిరించేవారన్నది అభియోగం.

ఆ వార్త నన్ను చాలా రోజులు వెంటాడింది. ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దుకోండి, కాల్ సెంటరులో ఉద్యోగం దొరుకుతుంది అని 2000ల దశకంలో మా బడి పిల్లలకు చెప్పినవారిలో నేనూ ఉన్నాను. తెలుగు పండితుడు చెప్పవలసిన మాట కాకపోయినా చెప్పాను. మారీచుడు తనంత తానుగా కేక వేయలేదు. వద్దని రావణునికి ఎంతో హితవు చెప్పాడు. వెళ్ళకపోతే నా చేతిలోనే చస్తావని అతడు బెదిరిస్తే వెళ్ళాడు. నెల జీతం కోసం అక్కడ ఫోను పట్టినవారిలో మారీచులెందరో, రావణులెందరో, పోలీసు కాగితాలను బట్టి చెప్పడం నాకు చేతకాదు.

మొన్న ఒక సాయంత్రం ఆ ఎర్ర కిటికీ మళ్ళీ వచ్చింది. ఈసారి దానిలో ‘తిరుపతి’ అని కూడా ఉంది. మా ఆవిడ ఉలిక్కిపడింది. ఐ.పీ. చిరునామాను బట్టి ఊరిని ఊహించడం ఏ పుటకైనా సాధ్యమేనని, మన యంత్రంలోని దస్త్రాలను వెదికే శక్తి మాత్రం బ్రౌజరులో తెరిచిన పుటకు లేదని చెప్పాను. తెరంతా ఆక్రమించి కదలనన్నది. ఎస్కేప్ మీట కాసేపు అదిమిపట్టి, ఆపైన ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే పోయింది. దానిలోని నెంబరుకు ఫోను చేసి డబ్బు పోగొట్టుకున్నవారుంటే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

పోయిన మాటలలో సగం వరకు మళ్ళీ పోగుచేశాను. చెప్పిన పెద్దవారిలో కొందరు ఇప్పుడు లేరు, వారి మాటలు ఇక రావు. ఉన్నవాటిని రెండు పెన్‌డ్రైవులలోనూ, ఒక రూళ్ళ నోటుపుస్తకంలోనూ రాసి ఉంచాను.