కెర్నెల్ కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అప్పట్లో లినక్స్ లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే కెర్నెల్ కట్టి చూడు అని కూడా కలిపేసేవారు. 2000లలో సర్వర్లతో కుస్తీ పట్టినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మేక్ మెనూకాన్ఫిగ్ కొట్టి, అక్కర్లేని డ్రైవర్లన్నీ పీకేసి, సొంత కెర్నెల్ కంపైల్ చేసుకోవడం ఒక ముచ్చట. కొన్నిసార్లు అవసరం కూడాను, కొత్త రెయిడ్ కార్డుని డిస్ట్రో కెర్నెల్ గుర్తుపట్టి చచ్చేది కాదు. కట్టినవాడు ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాక, "ఈ కెర్నెల్‌కి సపోర్ట్ లేదు" అని సెక్యూరిటీ స్కానర్ ఎర్రక్షరాల్లో అరవడంతో అసలు కథ మొదలవుతుంది.

దాన్ని పట్టించుకోవాలా? చాలామంది "ఫాల్స్ పాజిటివ్" అని రబ్బరు స్టాంపు వేసి వదిలేస్తారు. ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5 వచ్చింది 2007లో. 2017 దాకా దాని కెర్నెల్ నంబరు 2.6.18 తోనే మొదలయ్యేది. కొత్త కెర్నెల్‌లో వచ్చిన ప్యాచ్‌లని రెడ్ హ్యాట్ వాళ్ళు ఈ పాతదాంట్లోకే తెచ్చి అతికించేవారు. నంబరు మాత్రమే చూసే స్కానర్‌కి ఇదంతా తెలీదు కదా, పాతది పాతది అని గోల. నాన్నా పులి కథే!

కానీ పులి నిజంగా వచ్చిన రోజులున్నాయి. 2008 ఫిబ్రవరిలో వీఎంస్ప్లైస్ బగ్ బయటపడింది. 2.6.17 నుంచి 2.6.24.1 దాకా ఏ కెర్నెల్ ఉన్నా, మామూలు యూజర్ చిటికెలో రూట్ అయిపోవచ్చు. రెడ్ హ్యాట్ 2.6.18కి ప్యాచ్ వెంటనే వచ్చేసింది. మరి అదే 2.6.18ని సోర్స్ తెచ్చుకుని ఇంట్లో వండుకున్నవాడి సంగతి? నంబరు ఒకటే, స్కానర్ అరుపూ ఒకటే. ఒకచోట అబద్ధం, ఇంకోచోట పచ్చి నిజం.

అరుపే రాని సందర్భం ఇంకా దారుణం. 2003 నవంబర్ 20న డెబియన్ ప్రాజెక్టు వారి "మాస్టర్" అనే సర్వర్లో కెర్నెల్ ఊప్స్‌లు మొదలయ్యాయి. హార్డ్‌వేర్ పోయిందేమో అనుకున్నారు అడ్మిన్లు. అదే సమయంలో "మర్ఫీ" అనే మెషీనుకీ అదే జబ్బు రావడంతో అనుమానపడ్డారు. ఎవడో ఒక డెవలపర్ పాస్‌వర్డ్ కొట్టేసి, కెర్నెల్‌లోని బ్రేక్ ఫంక్షన్ బగ్‌తో రూట్ అయ్యాడని తేలింది. నాలుగు మెషీన్లు వాడి చేతికి చిక్కాయి. తమాషా ఏంటంటే, ఆ బగ్‌ని సెప్టెంబర్‌లోనే ఆండ్రూ మోర్టన్ కనిపెట్టాడు. అది సెక్యూరిటీ బగ్ అని మాత్రం ఎవరికీ తట్టలేదు. ప్యాచ్ ఉన్న 2.4.23 రిలీజ్ అయ్యేసరికి నవంబర్ 28. డిస్ట్రో కట్టేవాళ్ళకే ఇలా అయితే, ఎప్పుడో కట్టి మర్చిపోయిన మన కెర్నెల్‌కి దిక్కెవరు?

అన్నట్టు, సెక్యూరిటీ కోసమే సొంత కెర్నెల్ కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. జీఆర్‌సెక్యూరిటీ ప్యాచ్‌లు 2001 నుంచి ఉచితం. 2015లో స్టేబుల్ ప్యాచ్‌లు డబ్బు కట్టినవాళ్ళకే అన్నారు, 2017 ఏప్రిల్‌లో టెస్ట్ ప్యాచ్‌లూ ఆపేశారు. ఉచితంగా వాడుకున్నవాళ్ళు 4.9 దగ్గర ఇరుక్కుపోయారు.

నేనైతే ముందు చూసేది, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఫైలు ఏ ప్యాకేజీదో. ప్యాకేజీ డిస్ట్రోదైతే, వాళ్ళ అడ్వైజరీ చదివి ప్యాచ్ పడిందో లేదో తేల్చుకోవచ్చు. ఏ ప్యాకేజీదీ కాదంటే స్కానర్ చెప్పేది నిజమే. అప్పుడు ఆ కెర్నెల్ ఎందుకు కట్టారో కనుక్కోవాలి. నేను చూసినంతవరకూ, ఆ డ్రైవర్ డిస్ట్రో కెర్నెల్‌లోకి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. డిస్ట్రో కెర్నెల్ ఎక్కించి, పాతదాన్ని గ్రబ్ మెనూలో ఉంచి, రిమోట్ కన్సోల్ పనిచేస్తోందని చూసుకుని రీబూట్ చెయ్యడమే. ఒక చోట స్కానర్ నోరు మూయించడానికి వెర్షన్ పేరు మార్చి మళ్ళీ కంపైల్ చేసిన మహానుభావుల్ని చూశాను. జ్వరమొచ్చిందని థర్మామీటర్ పగలగొట్టడం!

2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ టీమ్ తన సీవీఈ నంబర్లు తనే ఇచ్చుకుంటోంది, ఏడాదికి వేలల్లో. సొంత కెర్నెల్ ఉంటే అవన్నీ చదివి, ఏది మనకి తగులుతుందో తేల్చుకోవాల్సింది మనమే. ఇంకా "మా సర్వర్ అప్‌టైమ్ 1000 రోజులు" అని మీసం మెలేసేవాళ్ళున్నారు. లైవ్ ప్యాచింగ్ లేకపోతే, ఆ 1000 రోజుల్లో కెర్నెల్‌కి ఒక్క ప్యాచ్ కూడా పడలేదన్నమాటే.