పదివేల పతకం, ఒక్క మాట

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్తుంటే, పాల్వంచ రాగానే నాకో తాసీల్దారు గుర్తొస్తాడు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) ఏలుబడిలో ఇక్కడ శిస్తు వసూలు చేసినవాడు. ఆ డబ్బుతో రాముడికి గుడి కట్టించి జైలుకెళ్ళాడు, మనకు రామదాసయ్యాడు.

లెక్కలు రాసే ఉద్యోగి కదా, కీర్తనలోనూ లెక్కే చెప్పాడు. సీతమ్మకు చింతాకు పతకం చేయించానని, దానికి పదివేలయిందని. తమ్ముళ్ళ నగలూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆపైన రాముణ్ణి తిట్టాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని మళ్ళీ తనే బతిమాలాడు.

మరో కీర్తనలో దారి మార్చాడు. మీరిద్దరే ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి ఎత్తమ్మా అని సీతమ్మను అడిగాడు. లెక్కలకూ తిట్లకూ కరగనివాడు భార్య మాటకు కరుగుతాడని నమ్మకం. భద్రాచలం గుడిలో ఆమె ఉండేది రాముడి ఎడమ తొడ మీద. చెవిలో మాట చెప్పడానికి అంతకన్నా దగ్గర చోటు లేదు.

ఆ ఏకాంతంలో వాళ్ళేం మాట్లాడుకున్నారో రామదాసు రాయలేదు. అది మర్యాద. కానీ నాకు తెలిసిన కీర్తనల్లో తన భార్యతో అన్న మాటా ఒక్కటి లేదు. చెర పన్నెండేళ్ళంటారు. ఆమెకూ అవి పన్నెండేళ్ళే.

మన ఇళ్ళలో ఆ మర్యాద అలవాటైపోయింది. నలుగురిలో అనకూడనిది, ఇద్దరే ఉన్నప్పుడూ అనడం మానేశాం. కూర బాగుందని మా నాన్న అమ్మతో అనగా నేను వినలేదు. "మీ అమ్మ చేతి పులుసే వేరురా" అని మాతో అనేవాడు, వంటింట్లోకి వినపడేంత గట్టిగా.

నేనూ ఆ తాసీల్దారు బాపతే. గొడవైతే ఈఎంఐ, స్కూలు ఫీజు, పుట్టినరోజుకు కొన్న గొలుసు, అన్నీ రూపాయలతో సహా చెప్పగలను. నా నైట్ షిఫ్టుల ఏడాదంతా పాపను తనొక్కతే చూసుకుంది. "తను లేకపోతే నావల్ల అయ్యేది కాదు" అన్నాను, మా అక్కతో.

మొన్న నవమికి టీవీలో భద్రాచలం కల్యాణం అయ్యాక, పాప పడుకుంది. అప్పుడు ఆ మాట తనతోనే అన్నాను. బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగింది.

"వదిన ఎప్పుడో చెప్పింది. నువ్వెప్పుడంటావా అని చూస్తున్నా."