ఎవరెస్టు ఈశాన్య రిడ్జ్ మార్గం

ఎవరెస్టు (8,848.86 మీటర్లు) శిఖరాన్ని టిబెట్ వైపు నుంచి చేరే ప్రధాన దారి. చివరి భాగం ఈశాన్య దిక్కున ఉన్న సన్నని కొండవెన్ను మీదుగా సాగడంతో ఈ పేరు వచ్చింది.

మార్గం: రోంగ్‌బుక్ లోయలో సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉన్న బేస్‌క్యాంపు దగ్గర ఆరోహణ మొదలవుతుంది. తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం వెంట నడిచి, మంచుగోడ ఎక్కి, 7,000 మీటర్ల పైన ఉన్న నార్త్ కోల్ అనే కనుమను చేరతారు. ఆఖరి శిబిరం సుమారు 8,300 మీటర్ల వద్ద ఉంటుంది. అక్కడి నుంచి రాత్రివేళ హెడ్‌ల్యాంపు వెలుగులో, కట్టి ఉంచిన తాళ్లకు తగిలించుకుని కదులుతారు. దారిలో ‘స్టెప్’లనే మూడు రాతిగట్లు అడ్డొస్తాయి. వీటిలో రెండోది నిట్టనిలువుగా ఉంటుంది. 1975లో చైనా బృందం దానికి నిచ్చెన బిగించింది.

చరిత్ర: 1924 జూన్ 8న బ్రిటిష్ పర్వతారోహకులు జార్జ్ మలోరీ, ఆండ్రూ ఇర్విన్ ఈ దారిలోనే కనుమరుగయ్యారు. మలోరీ మృతదేహం 1999లో దొరికింది. 1960 మే 25న చైనా బృందానికి చెందిన వాంగ్ ఫుజౌ, చూ యిన్‌హువా, గోంపో ఈ మార్గంలో తొలిసారి శిఖరం చేరారు.

తెలుగువారు: నేపాల్ వైపు 16 ఏళ్లు నిండనివారికి అనుమతి ఇవ్వరు. అందువల్ల నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన 13 ఏళ్ల మాలావత్ పూర్ణ టిబెట్ దారిన వెళ్లారు. ఆమె, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి కొండపై రాక్‌క్లైంబింగ్ నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొందారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విభజనకు ఎనిమిది రోజుల ముందు, 2014 మే 25న ఇద్దరూ శిఖరం చేరారు. 13 ఏళ్ల 11 నెలల వయసులో పూర్ణ, ఎవరెస్టు ఎక్కిన అతి పిన్న బాలికగా రికార్డు సృష్టించారు. ఆమె జీవితం ఆధారంగా రాహుల్ బోస్ దర్శకత్వంలో ‘పూర్ణ’ హిందీ చిత్రం 2017లో విడుదలైంది.